చదవని పేరు

నరసరావుపేట,
23-5-1988

ప్రియమైన మీకు,

మాబున్నీసా సలాం చెప్పి రాసేది. ఇక్కడ నేను, అమ్మీ, తమ్ముడు సత్తార్ అందరం బాగున్నాం. మీరు బెంగుళూరు చేరినట్టు కార్డు అందింది. రంజాను పండగ అయిన మర్నాడే రైలెక్కారు. చేసిన సేమ్యా సగం అట్లాగే మిగిలిపోతే వీధిలో పంచిపెట్టా.

మీరు వెళ్ళి వారం కాలేదు, మీ టీం అప్పుడే రెండు ముక్కలైంది. జూన్ రెండు నుంచి మన గ్రౌండులోనే ఫుట్‌బాల్ టోర్నమెంటు కదా. బజారు వాళ్ళు తొమ్మిదో నంబరులో కోటిలింగమే ముందు ఆడాలంటారు. మన వీధి వాళ్ళు సత్తార్ ఉండగా వాడెవడంటారు. నిన్న జక్కయ్యన్న వచ్చి వాకిట్లో కూలబడ్డాడు.

"చెల్లెమ్మా, నేను దుర్గిలో రాళ్ళు చెక్కినోణ్ణి. రాయైతే నా మాట వింటది, ఈళ్ళు వినరు. నన్ను మేనేజరని పేరు పెట్టి మీ ఆయన చక్కా పోయాడు. ఆయన చేత్తో పదకొండు పేర్లు రాయించి తెప్పిచ్చు. ముర్తుజా రాశాడంటే నోరు మూసుకుంటారు" అన్నాడు.

ఆయనకు చదువు రాదుగా, ఉత్తరం వస్తే నేనే చదివి చెప్పాలంట. సరే అన్నా. నాకేం తెలుసు మీ ఆట? డాబా మీద మిరపకాయలు ఎండబోస్తా పదేళ్ళ నుంచి చూస్తన్నా. బనీన్ల మీద నంబర్లు కుట్టేది నేనే కాబట్టి ఎవరిది ఏ నంబరో తెలుసు. బాగా ఆడేవాణ్ణి ఉన్నట్టుండి బయటికి పిలిచి ఇంకొకణ్ణి ఎందుకు పంపుతారో మాత్రం ఇప్పటిదాకా అర్థం కాలా.

మీ షెడ్డు ఓనరు కనపడి, "డీజిల్ ఇంజన్లు విప్పేవాడికి ఈ కోచింగ్ చదువేందమ్మా" అన్నాడు. ఆరు వారాల కోర్సు, సర్టిఫికెట్ తెస్తే స్కూల్లో గేమ్స్ మాస్టారుగా తీసుకుంటామన్నారని చెప్పా. నమ్మినట్టు లేడు. వేళకు తినండి. లిస్టు తొందరగా పంపండి.

ఇట్లు,
మీ మున్నీ


బెంగుళూరు,
28-5-1988

ప్రియమైన మున్నీకి,

నీ ఉత్తరం చూసి ప్రాణం లేచొచ్చింది. ఇక్కడ నా పరిస్థితి ఏందో నాకే తెలీడంలేదు. క్లాసులో ముప్ఫై మందిమి. అందరూ డిగ్రీలు చదివిన డ్రిల్లు మాస్టర్లు, మిలిటరీ వాళ్ళు. సార్ బోర్డు మీద పదకొండు సున్నాలు పెట్టి బాణాలు గీస్తాడు. బాణాల మీద మళ్ళీ బాణాలు. నాకు గ్రౌండులో మనుషులు కనపడతారుగానీ బోర్డు మీద ఎవరూ కనపడరు. అంతా ఇంగ్లీషు. పక్క మంచం కేరళ అతను సాయంత్రం హిందీలో చెపుతాడు, అది మన ఉర్దూలోకి మార్చుకుని తెలుగులో రాసుకుంటా. ఇన్ని చేతులు మారేసరికి ఏం మిగిలిందో అల్లాకే ఎరుక.

మనిషిని మార్చడం గురించి రెండు రోజులు చెప్పారు. ఒక ఆటలో ఇద్దర్నే మార్చొచ్చు, బయటికి వచ్చినవాడు మళ్ళీ లోపలికి పోకూడదు, అది నాకు తెలిసిందే. ఎప్పుడు మార్చాలి అన్నది అసలు సంగతి. మొదటి రోజు తొందరగా మార్చాలన్నట్టు అర్థమైంది. రెండో రోజు తొందరపడొద్దన్నట్టు అర్థమైంది. నోట్సులో రెండూ రాసుకున్నా.

కాగితం వెనక పదకొండు పేర్లు నంబర్లేసి రాశా. తొమ్మిది, సత్తార్. కోటిలింగం బయట కూర్చోవాలి. గోలు పడకపోతే గంట ఆట అయ్యాక వాణ్ణి దింపి, రైటు సైడు వాణ్ణి తీయమను. సత్తార్‌ని మాత్రం తొంభై నిమిషాలూ ఉంచాలి. ఏం జరిగినా తీయొద్దు.

ఇక్కడ చాయ్ కషాయంలా ఉంది. నువ్వు గ్లాసు చేతికిచ్చేటప్పుడు కొంగుతో పట్టుకుని ఇస్తావే, అది తలుచుకుని తాగుతున్నా. ఈ ముక్క జక్కయ్యకు చదవబాకు.

నీ
ముర్తుజా


నరసరావుపేట,
4-6-1988

ప్రియమైన మీకు,

మీ ఉత్తరం సరిగ్గా ఆట రోజు పొద్దున అందింది. వాకిట్లో పదిహేను మంది పోగయ్యారు. నేను పేర్లు చదివా. బజారు వాళ్ళలో ఒకడు "కాగితం ఇటియ్యండి, మేం చూస్తాం" అన్నాడు. "మొగుడు పెళ్ళానికి రాసిన ఉత్తరం నీకెందుకు ఇస్తా?" అన్నా. అందరూ నవ్వారు. వాడు తల దించుకున్నాడు. నాకు మాత్రం కొంగు సంగతి గుర్తొచ్చి చెవులు వేడెక్కినై.

గెలిచాం. రెండు ఒకటి. సత్తార్ ఒక గోలు కొట్టాడు. అమ్మీ గోడవతలి నుంచి అరిచిన అరుపు మీకు బెంగుళూరులో వినపడి ఉండాలి.

ఒక సంగతి అడుగుతా, నవ్వబాకండి. తమ్ముడు ఎడమకాలితో కొట్టాడు ఆ గోలు. వాడు పుట్టినకాణ్ణించి కుడికాలి మనిషి కదా. డాబా మీద నుంచి చూస్తంటే బంతి దూరం పోతే వాడు పరిగెత్తడంలా, నడుస్తన్నాడు. ఆట అయ్యాక పైకి వచ్చాడు. గోడ పట్టుకుని, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్ళూ పెట్టి ఎక్కాడు. "ఏందిరా?" అంటే "బావ కొత్త పద్ధతి నేర్పాడు ఆపా, ఎడమకాలి ఆట" అని నవ్వాడు. నిజంగా అట్లాంటి పద్ధతి ఉందా? ఉంటే సరే. లేకపోతే ఏందో రాయండి.

పద్నాలుగో తారీఖు సెమీ ఫైనలు. మాచర్ల అవతల సిమెంటు ఫ్యాక్టరీ వాళ్ళు చూడటానికి వస్తన్నారంట. బాగా ఆడినవాణ్ణి ఫ్యాక్టరీ టీములోకి తీసుకుని ఉద్యోగం కూడా ఇస్తారంట. అమ్మీ అప్పుడే దర్గాలో చాదర్ మొక్కుకుంది. సత్తార్‌కు ఫ్యాక్టరీ క్వార్టర్స్ ఇస్తే ఎక్కడెక్కడ ఏ సామాను పెట్టాలో కూడా చెపుతోంది. మళ్ళీ లిస్టు పంపండి.

ఇట్లు,
మీ మున్నీ


బెంగుళూరు,
9-6-1988

ప్రియమైన మున్నీకి,

గెలిచారని విని గంతేశా. కేరళ అతనికి మిఠాయి తినిపించా.

సత్తార్ కాలు గురించి అడిగావు. ఆటగాడన్నాక ఏవో దెబ్బలు ఉంటానే ఉంటాయి. నువ్వు మనసులో పెట్టుకోకు.

నిన్న మాకు ప్రాక్టికల్ పెట్టారు. ఒక్కొక్కరికీ ఒక టీం అప్పజెప్పి అరగంట ఆడించమన్నారు. మధ్యలో నేను ఒకతన్ని బయటికి పిలిచి ఇంకొకతన్ని పంపా. ఆట ఆగాక సార్ నన్ను నిలబెట్టి, "అతన్నే ఎందుకు తీశావు?" అన్నాడు. ఏమని చెప్పను మున్నీ? అతను అలిసిపోయాడనా? అలిసిపోయినవాళ్ళు ఇంకా నలుగురున్నారు. అతను నావంక చూస్తా లేడు, వేరేవాళ్ళు చూస్తన్నారు, చూసేవాణ్ణి తీయడం కష్టమనిపించింది. అది చెపితే బాగుండదని "తెలీదు సార్" అన్నా. ఆయన పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. ఆ రాసింది ఏందోనని రాత్రంతా ఆలోచనే.

సెమీ ఫైనలుకు మొన్నటి పదకొండు మందే. కిందే మళ్ళీ రాశా. తొమ్మిది, సత్తార్. ఫ్యాక్టరీ వాళ్ళు వాణ్ణి చూడాలి. ఇంకేం ఆలోచించొద్దు.

నీ
ముర్తుజా


బెంగుళూరు,
21-6-1988

ప్రియమైన మున్నీకి,

పద్నాలుగు నుంచి రోజూ పోస్టుమాన్ కోసం గేటు దగ్గర నిలబడతన్నా. నీ దగ్గర నుంచి ఒక్క ముక్క లేదు. నిన్న వచ్చిన కార్డు మీ అమ్మీది. ఎవరి చేతో రాయించింది. "అల్లుడూ, కూతురినిచ్చిన ఇంట్లోనే నా కొడుకు నోటికాడి కూడు లాగేశావు. పరాయివాణ్ణి ఆడించి నా బిడ్డను గీత బయట కూర్చోబెట్టావు. నీ కోచింగు నీ దగ్గరే పెట్టుకో" అని ఉంది.

నాకేం అర్థం కాలా. ఆ కార్డు ఆరుసార్లు చదివా. సత్తార్‌ని కూర్చోబెట్టింది ఎవరు? నేను సత్తార్ అని రాశాగా? నా ఉత్తరం అసలు అందిందా? అందకపోతే జక్కయ్య సొంతంగా నిర్ణయం చేశాడా? ఆయనకు అంత ధైర్యం ఎక్కడిది? బజారు వాళ్ళు ఏమన్నా బెదిరించారా? సత్తారే ఆడనన్నాడా? అట్లయితే అమ్మీకి నా మీద కోపమెందుకు?

అబద్ధమాడను మున్నీ. ఆ లిస్టు రాసేటప్పుడు నా మనసు మనసులో లేదు. తొమ్మిది దగ్గర పెన్ను ఆపి చానాసేపు కూర్చున్నా. ఆ పరధ్యానంలో నా చెయ్యే ఇంకో పేరు రాసిందేమోనని ఇప్పుడు అనుమానంగా ఉంది. ఆ కాగితం నీ దగ్గరే ఉందిగా. తీసి చూడు. అందులో ఏముందో చూసి వెంటనే రాయి.

నీ
ముర్తుజా


నరసరావుపేట,
25-6-1988

ప్రియమైన మీకు,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చించేశా. మీ చెయ్యి తప్పు రాయలా. జక్కయ్యన్న ఏమీ మార్చలా. తొమ్మిదికి ఎదురుగా సత్తార్ అనే ఉంది. నేనే చదవలా.

పదమూడో తారీఖు మధ్యాహ్నం తమ్ముడు వచ్చి, "ఆపా, కాస్త ఉప్పు కాపడం పెట్టు" అన్నాడు. లుంగీ పైకి తీస్తే కుడి మోకాలు గుమ్మడికాయలా ఉంది. వేలితో నొక్కితే గుంట పడి అట్లాగే ఉండిపోయింది. ఉప్పు మూట తగలగానే నా భుజం పట్టుకున్నాడు చూడండి, ఆ చోట ఇప్పటికీ కమిలి ఉంది.

"ఈ కాలితో ఎట్లా ఆడతావురా?" అన్నా.

"రేపొక్కటే ఆపా. వాళ్ళు నా పేరు రాసుకుంటే చాలు. తర్వాత కాలు ఏమన్నా కానీ."

"కాలు ఏమన్నా అయితే ఆ ఫ్యాక్టరీ వాళ్ళు నిన్నెందుకు పెట్టుకుంటారు?"

వాడు లుంగీ కిందికి లాక్కున్నాడు. నేను ఉప్పు మూట మళ్ళీ వేడి చేశా.

మర్నాడు మూడింటికి జక్కయ్యన్న వచ్చాడు. గడపలో నిలబడి ఒకటి నుంచి ఎనిమిది దాకా సరిగ్గానే చదివా. తొమ్మిది దగ్గర మీ అక్షరాలు కనపడతానే ఉన్నాయి. నా నోరు కోటిలింగం అంది. "మళ్ళీ చదువమ్మా" అన్నాడు ఆయన. మళ్ళీ చదివా. మళ్ళీ అదే అన్నా. ముందుగా అనుకుని చేశానా అంటే లేదు. తెలీక చేశానా అంటే అదీ కాదు.

డాబా ఎక్కి చూశా. సత్తార్ తొమ్మిదో నంబరు బనీను విప్పి కోటిలింగానికి ఇచ్చి, గీత అవతల తల మీద తువ్వాలు కప్పుకుని కూర్చున్నాడు. కోటిలింగం ఎగబడి పరిగెత్తాడు, పాపం. గోలు ముందు నిలబడి కూడా ఒకటి పైకి తన్నాడు. రెండో సగంలో వాళ్ళు గోలు కొట్టారు. ఇంకో ఇరవై నిమిషాలు ఉందనగా సత్తార్ లేచి బూట్ల దారాలు కట్టుకుని జక్కయ్యన్న చొక్కా పట్టుకున్నాడు. ఏదో బతిమాలుతున్నాడు. జక్కయ్యన్న పరిగెత్తుకుంటా మన గోడ కిందికి వచ్చాడు.

"చెల్లెమ్మా! ఉత్తరంలో ఇంకేమన్నా రాశాడా? సత్తార్‌ని దించమన్నాడా?"

గ్రౌండంతా నావంక తిరిగింది. కుర్చీల్లో కూర్చున్న ఫ్యాక్టరీ వాళ్ళు కూడా తిరిగారు. తమ్ముడు గీత మీద నిలబడి చూస్తన్నాడు. డాబా మీద నుంచి ఆడమనిషి అరవడం మన వీధిలో ఎవరూ ఎరగరు. కాగితం తీసి చదివినట్టు చేసి, "లేదన్నా! సత్తార్ పేరు లేదు!" అని అరిచా. గడపలో అన్నది ఒకసారైతే, ఇది రెండోసారి. మొదటిది నోరు జారిందనుకోవచ్చు. దీనికి ఏం సాకు చెప్పను?

ఓడిపోయాం. ఫ్యాక్టరీ వాళ్ళు అవతలి టీం గోల్‌కీపర్‌ని తీసుకున్నారు. మనవాళ్ళలో ఎవర్నీ అడగలా. ముర్తుజా బావమరిదిని తొక్కేశాడని ఊరంతా అన్నారు. అమ్మీ మనింటికి రావడం మానేసింది. మీ పేరు పాడవుతా ఉంటే నేను వింటా కూర్చున్నా. రేపు చెపుదాం, రేపు చెపుదాం అనుకుంటానే పది రోజులు గడిపా.

ఇప్పుడు ఇంకో సంగతి. బుధవారం పొద్దున షెడ్డులో పనికని బయల్దేరిన తమ్ముడు ఇంతవరకు ఇంటికి రాలా. షెడ్డుకు పోనేలేదంట. మాచర్లలో పిన్ని వాళ్ళింట్లో లేడు. సత్తెనపల్లిలో లేడు. జక్కయ్యన్న సైకిలేసుకుని ముప్పాళ్ళ దాకా పోయి అడిగొచ్చాడు. అమ్మీ అన్నం ముట్టడంలా.

వాడి కాలు కాపాడదామనుకున్నా. ఇప్పుడు మనిషే కనపడడంలా. నేను చేసింది మంచో చెడో నాకు తెలీడంలేదండీ. పేర్లు రాసినప్పుడల్లా మీకు ఇట్లాగే ఉంటదా? నన్ను ఎంతైనా తిట్టండి. ముందు వాడు ఎక్కడికి పోయి ఉంటాడో మీకేమన్నా తోస్తే రాయండి.

మీ
మున్నీ


బెంగుళూరు,
6-7-1988

ప్రియమైన మున్నీకి,

సత్తార్ నా దగ్గరే ఉన్నాడని టెలిగ్రాం ఇచ్చా, అందే ఉంటుంది. అమ్మీ అన్నం తిన్నదా?

ఇరవై ఆరు ఆదివారం వాచ్‌మన్ వచ్చి మీ ఊరి మనిషి గేటు దగ్గర ఉన్నాడన్నాడు. పోయి చూస్తే సత్తార్. గెడ్డం పెరిగింది, కుడికాలు నేల మీద ఆనించడంలా. గుంటూరులో రెండు రోజులు స్టేషన్లోనే ఉండి, తర్వాత రైలెక్కాడంట. నన్ను చూడగానే చొక్కా పట్టుకున్నాడు.

"నా పేరు ఎందుకు కొట్టేశావు బావా?"

"కొట్టేయలేదురా. నీ పేరే రాశా."

"అబద్ధం. ఆపా చదివింది, నేను విన్నా."

నేను రాశానంటా, వాడు రాయలేదంటాడు. మూడు రోజులు ఇదే గొడవ. పక్కన కేరళ అతను ఏం జరుగుతుందో తెలీక ఇద్దరికీ చాయ్ తెచ్చిస్తా ఉన్నాడు. బుధవారం నీ ఉత్తరం వచ్చింది. మంచం మీద కూర్చుని వాడికి మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించా.

ఇప్పుడు నేను నీకు చెప్పాల్సింది ఒకటుంది. ఆ మోకాలి సంగతి నాకు ముందే తెలుసు మున్నీ. రంజాను నెలలో ఇంజను సామాన్లకని చెప్పి నేనూ సత్తారూ గుంటూరు పోయాం. పోయింది సామాన్లకు కాదు, డాక్టరు దగ్గరికి. లోపల మెత్తటి ఎముక చీలింది, ఆర్నెల్లు ఆడటానికి వీల్లేదన్నాడాయన. బస్సులో వస్తా సత్తార్ నా చేతులు పట్టుకుని, "ఈ టోర్నమెంటు ఒక్కటి ఆడనీ బావా" అన్నాడు. పేరు తీసేస్తే ఉద్యోగం పోగొట్టానని నువ్వూ అమ్మీ నన్ను అంటారనిపించింది. పేరు రాస్తే వాడి కాలు. ఎటూ తేల్చుకోలేక వాడు అడిగినట్టే రాసి పోస్టులో వేశా. వేశాక, ఇంక నా చేతిలో ఏముందిలే అనుకున్నా. నువ్వు కాలు గురించి అడిగితే మనసులో పెట్టుకోవద్దని రాసిన పెద్దమనిషిని నేనే.

నీ ఉత్తరం విన్నాక సత్తార్ నీ మీద అరుస్తాడనుకున్నా. నా మీదికి తిరిగాడు.

"డాక్టరు చెప్పింది నువ్వూ విన్నావుగా. విని కూడా నా పేరు ఎట్లా రాశావు బావా?"

"నువ్వే కదరా అడిగింది."

"నేను అడుగుతా. నేను అడిగితే మాత్రం?"

వాడి చెయ్యి నా భుజం మీద వేసుకుని డాక్టరు గదికి నడిపించా. 

మా కోర్సు డాక్టరు చూసి పెద్దాసుపత్రికి రాసిచ్చాడు. సోమవారం ఆపరేషన్ చేశారు. చీలిన ముక్క తీసేశారంట. నడకకు ఢోకా లేదు, ఆట సంగతి ఆర్నెల్ల తర్వాత చూద్దామన్నారు. ఆ రోజు ఆడి ఉంటే ఏమయ్యేదని అడిగా. ఏమన్నా కావచ్చు, ఏమీ కాకపోనూ వచ్చు అన్నాడు ఆ డాక్టరు. నువ్వు చేసింది మంచేనని చెపుతాడని ఆశపడ్డా. ఆయనా చెప్పలా.

నాకు సర్టిఫికెట్ ఇచ్చారు. మార్కుల్లో కింద నుంచి మూడోవాణ్ణి. చివరి రోజు ఆ సార్ దగ్గరికి పోయి మన కథంతా చెప్పా, వచ్చిన ఇంగ్లీషులో. అంతా విని, "ఆ టీముకు కోచ్ ఎవరు?" అని అడిగాడు. ఏం చెప్పాలో తెలీక "మా ఇంటావిడ సార్" అన్నా. నవ్వుతాడనుకున్నా. నవ్వలా.

అమ్మీకి వేరే కవరులో ఉన్నదున్నట్టు రాశా. గుంటూరు సంగతి, లిస్టు సంగతి అంతా. నా పేరు మీద పడ్డ నిందలో సగం నాకు చెందిందే కాబట్టి దాన్ని నువ్వొక్కదానివే మోయనక్కర్లేదు. ఆమెకు కోపం వస్తే ఇద్దర్నీ కలిపి తిడుతుంది, తిట్టనీ. స్కూలు వాళ్ళకు మూడు వారాలు ఆలస్యంగా వస్తానని రాశా. కట్లు విప్పాక వాణ్ణి తీసుకుని వస్తా. దిగగానే మొదట అమ్మీ ఇంటికే పోతా. నువ్వూ అక్కడికే రా.

కింద రెండు ముక్కలు తను రాస్తానని పెన్ను అడుగుతున్నాడు. నన్ను చదవొద్దంటున్నాడు. వాడు రాశాక చూడకుండానే మడిచి అంటించేస్తా.

నీ
ముర్తుజా

ఆపా,
నీ మీద కోపం పోలా. బావ మీదైతే ఇంకా ఎక్కువ ఉంది. ఇక్కడ చారులో బెల్లం వేస్తన్నారు, ఎవరన్నా ఇటు వస్తంటే గోంగూర పచ్చడి పంపు. నొప్పి చానా ఉంది. బావకు చెప్పలా.
సత్తార్